ఒక్కసారే ప్రసారమైన భాగం

ఏ ధారావాహిక అయినా సాగే కొద్దీ పలచబడుతుందని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. మొదటి ఏళ్లలో చిక్కగా ఉన్నదానిలో ఏడాదికి ఇన్ని నీళ్లు పడుతూ, చివరికి గిన్నె మాత్రమే పాతదిగా మిగులుతుందని దాదాపు అందరూ అంటారు. అనేవాళ్లలో చివరిదాకా చూసినవాళ్లెందరని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే నమ్మకానికి ఇబ్బంది. ఒక దర్జీ దుకాణం పైనున్న హాల్లో ఈ నమ్మకానికి ఇరవై ఏళ్లు కాపలా కాసినవాడు ఒక లిఫ్టు మెకానిక్కు.

ఆయనకు యాభై రెండేళ్లు. ఊళ్లో పదిహేను భవనాల లిఫ్టులు ఆయన చేతిలో ఉన్నాయి. ఉదయం ఆరున్నరకల్లా ఏదో ఒక భవనం నెత్తిమీద, మోటారు గదిలో ఉంటాడు. ఉక్కుతాళ్ల మీద గుడ్డ ఆనించి, తెగిన పోగు ఎక్కడైనా గుడ్డకు పట్టుకుంటుందేమో చూస్తాడు. బ్రేకు పడిన చప్పుడు విని లోపలి పట్టీ ఎంత అరిగిందో చెబుతాడు. మహా నిపుణుడని అనలేం గానీ, చూడని తాడును చూశానని కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఆయన ఉద్యోగ జీవితంలో లేదు. మాటలు తక్కువ. పొదుపు చేసిన మాటలన్నీ నెలకో ఆదివారం ఒక్క పూటలో ఊదేసి వస్తాడని ఆయన భార్య అంటుంది.

ఊదేసేది ‘ఏడో కక్ష్య’ మీద. టీవీలో ముప్ఫై రెండేళ్లుగా నడుస్తున్న అంతరిక్ష గాథ అది. తాము ఎన్నటికీ చేరలేని గ్రహానికి తమ మునిమనవలనైనా చేర్చాలని భూమిని విడిచి బయలుదేరిన నాలుగు వందల మంది కథ. ముప్ఫై ఒక్క సీజన్లు పూర్తయ్యాయి. ఐదో సీజన్ తర్వాత నౌకాధిపతి పాత్ర వేసే నటుడు మారాడు, రాసేవాళ్లూ మారారు. అభిమానులు రెండు పక్షాలుగా చీలిందీ అక్కడే. ఐదుతోనే కథ ముగిసిందనేది పాతపక్షం. అసలు కథ ఆరుతోనే మొదలైందనేది కొత్తపక్షం. ‘ఈ లిఫ్టు ఐదో అంతస్తు దాకానే వెళ్తుంది, ఆ పైన ఎవరి కాళ్లు వాళ్లవే’ అని మెకానిక్కు ఒకనాడు అన్నాడు. ఆనాటి నుంచి హాల్లో ఆయన పేరు ‘ఐదో అంతస్తు’.

అభిమానుల సంఘం ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది గంటలకు కూడుతుంది. హాలు దర్జీది. ఆయన మెకానిక్కు భార్యకు స్వయానా అన్న. ఆ పూటకు కత్తిరింపు బల్లను గోడకు జరిపి, సుద్దముక్కలూ కొలత టేపులూ డబ్బాలో వేసి, ఇరవై మూడు కుర్చీలు వేస్తాడు. మూలన తల లేని బొమ్మకు నౌకాధిపతి బూడిదరంగు కోటు తొడిగి ఉంటుంది. ఆయనే కుట్టాడు. ఆరో సీజన్‌లో కోటు గుండీలు మార్చారన్నది పాతపక్షంలో ఉండటానికి ఆయన చెప్పే మొదటి కారణం. రెండో కారణం ఇంతవరకూ ఎవరూ వినలేదు.

సంఘానికి రెండు నియమాలున్నాయి. ఒక భాగం చూడటం పూర్తయ్యాక ఎవరూ నోరు మెదపకూడదు. పదికి ఎన్నో ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేశాకే మాట్లాడాలి, వేసిన మార్కు మార్చకూడదు. పక్కవాడి మొహం చూసి అభిప్రాయం ఏర్పరచుకోవడం మనిషి స్వభావం కనుక ఈ నియమం మంచిదే. రెండోది అంత మంచిది కాదు. ఎంతకీ తేలని తగవులో ‘ఆఖరి మాట’ మెకానిక్కుది. ఆయన ఏది చెబితే అదే తీర్పు.

ఆ హక్కు ఆయనకు ఊరికే రాలేదు. నాలుగో సీజన్‌లో పదకొండో భాగం ఒక్కసారే ప్రసారమైంది. తర్వాత ఛానల్ వాళ్ల గోదాములోకి నీళ్లు వచ్చి టేపు పాడైంది. కొత్తగా అభిమానులైనవాళ్లకు అది పేరు మాత్రమే. సంఘంలో కొందరు అప్పటికి పుట్టలేదు, కొందరి ఇళ్లలో టీవీ లేదు. ఆ భాగాన్ని కళ్లారా చూసినవాడు మెకానిక్కు ఒక్కడే. ఆయన దాన్ని చెప్పే తీరుకు హాలు హాలంతా ఊపిరి బిగబట్టేది. నౌకలో శక్తి అడుగంటుతుంది. నౌకాధిపతి ఒక్కో అంతస్తుకూ స్వయంగా నడిచి వెళ్లి, అక్కడివాళ్లను పేరుపేరునా పలకరించి, దీపం ఆర్పుతాడు. చివరికి తన గదిలో దీపం కూడా ఆర్పేస్తాడు. నాలుగు వందల మంది చీకట్లో ఒకరి గొంతు ఒకరు విని, ఆ ధ్వనినే ఆసరాగా పట్టుకుని నడుస్తారు. కొత్తపక్షం వాళ్లు ఎంత మంచి భాగం గురించి చెప్పినా, ‘బాగానే ఉంది. దీపాలు ఆర్పిన భాగం ముందు నిలుస్తుందా?’ అని ఆయన అనేవాడు. చూడనివాళ్లు చూసినవాడితో ఏం వాదిస్తారు?

ఆయన చూడలేదు.

ఆ సాయంత్రం, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆయన ఒక ఆఫీసు భవనం మోటారు గదిలో ఉన్నాడు. ఆరు, ఏడు అంతస్తుల నడుమ లిఫ్టు ఆగిపోయి లోపల నలుగురు చిక్కుకుపోయారు. బ్రేకు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి, లిఫ్టును అంగుళం అంగుళం చొప్పున గుమ్మం ఎత్తుకు దించేసరికి టీవీలో ఆ భాగం అయిపోయింది. మర్నాడు తాళ్లు తుడుస్తూ, పని నేర్పిన మేస్త్రీ ఆ కథ చెప్పాడు. మేస్త్రీ మంచి మాటకారి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు విన్నవాడు కూడా తక్కువ తినలేదు. మేస్త్రీ చెప్పిన ప్రతి దీపాన్నీ తన కళ్ల ముందు వెలిగించుకుని ఆర్పుకున్నాడు. ఏడెనిమిదేళ్లకు, సంఘం మొదటి సమావేశంలో, ‘ఆ భాగం చూసినవాళ్లెవరైనా ఉన్నారా?’ అని ఎవరో అడిగితే ఆయన చెయ్యెత్తాడు. మోసం చేద్దామని ఎత్తలేదు. అన్ని కళ్లు తనవైపు తిరగడం ఆయనకు అదే మొదటిసారి. ఎత్తిన చెయ్యి దించడానికి ఆ క్షణంలో ఒక మాట చాలేది. ఏడాది తర్వాత పది మాటలు కావలసి వచ్చేది. ఇరవై ఏళ్లకు ఎన్ని కావాలో లెక్క ఆయనే వేసుకోలేదు. కథ చెప్పీ చెప్పీ, నిజంగా చూశానేమో అని ఆయనకే అప్పుడప్పుడూ అనిపించేది. లోపల ఒక మూల మాత్రం ఆ మోటారు గదిలో చక్రం తిరుగుతూనే ఉండేది.

తగవు ముదిరింది రాబోయే ఏడాది గురించి. పన్నెండు ఆదివారాల్లో ఏం చూడాలి? ఐదు సీజన్లనే మళ్లీ తిరగేయాలా, ఆరు నుంచి మొదలుపెట్టాలా? కొత్తపక్షానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు. ముప్ఫై ఐదేళ్లవాడు. రోజంతా నోరు తెరిచి పెట్టుకున్న మనుషులతో తానొక్కడే మాట్లాడే వృత్తి కావడంతో, ఎదురు సమాధానం వచ్చే చోటు దొరికితే పండగ చేసుకుంటాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మెకానిక్కును ‘మామా’ అంటాడు.

ఐదో సీజన్ తర్వాత ఒక్క భాగమైనా చూశారా అని డాక్టరు ఆ రోజు మెకానిక్కును నిలదీశాడు.

‘‘చూడక్కర్లేదోయ్. ఒక మెట్టు విరిగిందని తెలిశాక పై మెట్టు ఎక్కి చూస్తామా?’’ అన్నాడు మెకానిక్కు.

‘‘లిఫ్టు మనిషి మీరు, మెట్ల సంగతి మీకెందుకు మామా?’’

హాలంతా నవ్వింది. దర్జీ తన బావను వెనకేసుకొచ్చాడు. కొత్తపక్షంలో ఇద్దరు దర్జీ మీదికి లేచారు. మాటా మాటా పెరిగి, నౌక గోడ మందం దగ్గర మొదలైన వాదన దర్జీ కుట్టిన ఎవరిదో చొక్కా కాలరు దాకా పోయింది. అప్పటిదాకా ఏ పక్షానా చేరని ఫిజిక్స్ టీచరమ్మ చేతికర్రతో నేలను రెండుసార్లు కొట్టారు. రిటైరై పదేళ్లయినా ఆ చప్పుడుకు ముసలివాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

‘‘కొలవకుండా అరిచేదాన్ని నా క్లాసులో వాదన అనేదాన్ని కాదు’’ అన్నారామె. ‘‘కొలుద్దాం.’’

ఆమె చెప్పిన పద్ధతి ఇది. నాలుగు భాగాల సంభాషణను ఆమె కాగితం మీద పెడతారు. రెండు పాతవి, రెండు కొత్తవి. పేర్లన్నీ మారుస్తారు. అంతరిక్ష నౌకను సముద్రం అడుగున ఉండే స్థావరంగా మారుస్తారు. కథలో కీలకమైన వస్తువునూ ఇంకోదానిగా మారుస్తారు. నటుడి ముఖం, కోటు, సంగీతం ఏవీ ఉండవు. కథ కట్టుబడి ఒక్కటే మిగులుతుంది. ఏది ఎప్పటిదో తెలియకుండా అందరూ మార్కులు వేయాలి. పాతవాటి సగటు ఎక్కువైతే ఐదు సీజన్లు, కొత్తవాటిది ఎక్కువైతే ఆరు నుంచి. చదవడానికి ఏ పక్షమూ కాని గొంతు కావాలి. అలాంటి గొంతు ఊళ్లో ఒక్కటే ఉంది. బస్ స్టేషన్‌లో బస్సుల రాకపోకలు ప్రకటించే అమ్మాయిది. ఆమె మెకానిక్కు కూతురు.

తండ్రీ కూతుళ్లకు ఈ విషయంలో పడదు. చిన్నప్పుడు అన్నం ముద్ద ముద్దకూ దీపాలు ఆర్పే కథ చెప్పించుకుని ‘ఏడో కక్ష్య’కు అభిమాని అయిన పిల్ల, పెద్దయ్యాక ముప్ఫై ఒక్క సీజన్లూ చూసి కొత్తపక్షంలో చేరింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాతో కూర్చుని చూడు నాన్నా అని ఆరేళ్లుగా అడుగుతోంది. ఆయన ఏనాడూ కూర్చోలేదు. అయినా ఆమె గొంతును ఎవరూ శంకించలేదు. పెళ్లివారి బస్సు తప్పిపోయినా, మంత్రిగారి బస్సు ఆలస్యమైనా, ఒకే తీరున చెప్పడం ఆమె ఉద్యోగం.

పరీక్ష ఆదివారం నాడు పది కాకముందే కుర్చీలన్నీ నిండాయి. ముగ్గురు కత్తిరింపు బల్ల మీద కూర్చున్నారు. టీచరమ్మ జవాబుల కాగితాన్ని ఒక కవరులో పెట్టి, అంచు అంటించి, అందరికీ చూపించి తన చేతిసంచిలో వేసుకున్నారు. కూతురు నిలబడి మొదటిది చదవడం మొదలుపెట్టింది. సముద్రగర్భంలో ఒక మనిషి బిడ్డను కోల్పోయిన వార్త, నాలుగో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన బస్సులా, హాల్లో వినిపించింది. వెనక వరసలో ఎవరో తమ సామాను కోసం తడుముకున్నట్టు నటించారు.

‘‘అమ్మాయ్, కొంచెం భావం పెట్టి చదవరాదూ’’ అన్నాడు దర్జీ.

‘‘భావం పెడితే మార్కులు నాకు పడతాయి మామయ్యా, కథకి కాదు’’ అంది ఆమె, అదే గొంతుతో.

మొదటిది సగం కాకముందే మెకానిక్కు ముఖం విప్పారింది. రెండో సీజన్, తొమ్మిదో భాగం. నౌకను నీళ్లలో ముంచినా ఆయనకు తెలిసిపోయింది. ఎనిమిది వేశాడు. రెండోది తెలియలేదు. ఓ మోస్తరుగా ఉందనుకుని ఐదు వేశాడు. తనకు తెలియలేదంటే అది పాతది కాదు అన్నది ఆయన తర్కం. తర్కంలో తప్పు లేదు. ఐదు సీజన్లలో తాను చూడని భాగం లేకపోతే ఆ తర్కం నిలుస్తుంది. ఇరవై ఏళ్లుగా నలుగురికీ చెప్పిన మాటను ఆ క్షణాన ఆయన తానూ నమ్మాడు.

మూడోది కూడా తెలియలేదు. సముద్రం అడుగున స్థావరంలో వెచ్చదనం ఇచ్చే యంత్రాలు ఒక్కొక్కటీ మొరాయిస్తాయి. ఎవరి గదికి వేడి ఇవ్వాలో తేల్చడానికి ఒక సంఘం కూర్చుంటుంది. కూర్చుని మాట్లాడుతుంది. మాట్లాడుతూనే ఉంటుంది. అధిపతి గడ్డం నిమురుకుంటాడు. చివర్లో ఒకడు పరుగెత్తుకొచ్చి, కింది గోదాములో కొత్త యంత్రం దొరికిందంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆయన ఒకటి వేసి చీటీని నాలుగు మడతలు పెట్టాడు. నాలుగోది కూడా తెలియలేదు. అయితే అది చదువుతున్నప్పుడు ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. తమ పూర్వీకులు ఎందుకు బయలుదేరారో మరచిపోయిన పిల్లలు, అసలు బయలుదేరడం తప్పేమోనని విచారణ జరుపుతారు. నిందితుల కుర్చీలో ఎవరూ ఉండరు, అందరూ చచ్చిపోయారు కనుక. ఖాళీ కుర్చీని ఒక పిల్ల ప్రశ్నలడుగుతుంది. ఆయన చాలాసేపు పెన్సిలు కొరికి, ఇష్టం లేకపోయినా, ఎనిమిది వేశాడు.

చీటీలు డబ్బాలో పడ్డాక హాలు కట్ట తెగినట్టయింది. ఒకరి మాట మీద ఒకరి మాట. ఖాళీ కుర్చీ పాతదేనని దర్జీ పందెం కాశాడు. మొదటిది కొత్తదని డాక్టరు బల్ల గుద్దాడు. రెండు పక్షాలూ ఎదుటివాళ్ల సొత్తును తమదని లాక్కుంటున్న సంగతి టీచరమ్మ ఒక్కరికే తెలుసు. ఆమె ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు పక్షాలూ ఒకటయ్యాయి. అది మాది కాదంటే మాది కాదన్నాయి. సంఘం ఆచారం ప్రకారం, ఎవరెంత వేశారో బయటికి చెప్పుకున్నాక, అతి తక్కువ మార్కు వేసినవాడు లేచి కారణం చెప్పాలి. మెకానిక్కు లేచాడు.

‘‘నా పనిలో లిఫ్టు ఆగిపోతే లోపల మనుషులుంటారు’’ అన్నాడు ఆయన. ‘‘వాళ్లు భయపడతారు, తిట్టుకుంటారు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుంటారు. మేం చేత్తో చక్రం తిప్పి దించుతాం. చెమటలు పడతాయి. కథ అంటే అదీ. ఇంతసేపూ వీళ్లని ఇరికించి, పక్క గోడలో ఇంకో లిఫ్టు దొరికిందని చెబితే ఏమంటాం? రాసినవాడికి దించడం చేతకాలేదంటాం. ఇది కొత్తవాళ్ల రోగం. పాతవాళ్ల కాలంలో ఒక్కడంటే ఒక్కడు ఇలా రాసి ఉండడు. ఇది పాతది అని తేలితే నా చెవి కోసి ఈ బొమ్మకి అతికించండి.’’

చప్పట్లు మోగాయి. డాక్టరు కూడా కొట్టాడు. విమర్శగా అది మంచి విమర్శే. అందులో ఒక్క మాట అబద్ధం లేదు, చివరి మూడు వాక్యాలు తప్ప.

మార్కులు లెక్కించారు. మొదటిదానికి సగటున ఎనిమిది. రెండోదానికి ఐదున్నర. మూడోదానికి మూడు. నాలుగోదానికి ఎనిమిది. టీచరమ్మ కవరు చింపారు. మొదటిది రెండో సీజన్ అనగానే మెకానిక్కు డాక్టరు వైపు చూసి తల ఊపాడు. రెండోది పదిహేడో సీజన్. నాలుగోది ఇరవై ఆరు అనగానే కొత్తపక్షం కుర్చీల్లోంచి ఎగిరినంత పని చేసింది. కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన ఓడిన పిల్లాడిలా నవ్వాడు. మూడోది ఆవిడ ఎందుకో ఆఖరికి ఉంచారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

‘‘మూడోది నాలుగో సీజన్. పదకొండో భాగం’’ అన్నారు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎక్కడిది, ఎలా దొరికింది, నిజమా? టీచరమ్మ సంచిలోంచి ఒక చిన్న టేప్ రికార్డరు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజుల్లో ఆవిడకు సాయంత్రాలు ట్యూషన్లు ఉండేవి. వాళ్లమ్మ టీవీ ముందు రికార్డరు పెట్టి, మీట నొక్కి, శబ్దం పట్టి ఉంచేది. గది మారుతుంటే పెట్టె అడుగున ఆ క్యాసెట్టు బయటపడింది. ఎవరికీ చెప్పకుండా కాగితం మీద పెట్టి, దీపాల చోట వేడి యంత్రాలు రాశారు. మీట నొక్కారు. గరగర. నౌకాధిపతి గొంతు, అదే పాత గొంతు, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. ఎవరో దగ్గారు. ‘మా అమ్మ’ అన్నారు టీచరమ్మ. కింది గోదాములో కొత్త దీపాలు దొరికాయి అని ఒకడు అరిచాడు. చప్పట్లు. ముగింపు సంగీతం మొత్తం వినిపించి, టేపు ఆగింది. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఒకతను కుర్చీ మీద నిలబడ్డాడు. పోయిందనుకున్నది దొరికిన గది అది. మంచిదా చెడ్డదా అన్నది ఆ నిమిషాన ఎవరికీ పట్టలేదు.

ముందుగా తేరుకున్నవాడు దర్జీ. మూడోదాని వల్ల పాతపక్షం ఓడుతోంది. పాతవాటి సగటు ఐదున్నర, కొత్తవాటిది ఏడుకు కాస్త తక్కువ. మూడోదాన్ని కొట్టేస్తే పాతపక్షానిది ఎనిమిది. పైగా దీపాలు ఆర్పడం ఏది? పేరుపేరునా పలకరించడం ఏది? ఛానల్ వాళ్లు రెండు రకాలు తీసి ఉంటారు, ఈ టేపు రెండో రకానిదై ఉంటుందని ఆయన వాదించాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని కొత్తపక్షం ఎగతాళి చేసింది. తేలలేదు. తేలని తగవు ఎవరి దగ్గరికి వెళ్లాలో అందరికీ తెలుసు.

‘‘టేపు గొడవ నాకొద్దు. చూసినవాడు మన మధ్యే ఉన్నాడు’’ అన్నాడు దర్జీ. ‘‘బావా, నువ్వు చూసింది ఇది కాదని ఒక్క ముక్క చెప్పు. కొట్టేస్తాం.’’

డాక్టరు కూడా, న్యాయంగానే, అడ్డు చెప్పలేదు. దీపాల బదులు హీటర్లు పెడితే ఎవరు గుర్తుపడతారు, మామ పొరబడటంలో తప్పేముంది అన్నాడు. హాలంతా తన వైపు తిరిగి ఉండగా మెకానిక్కు అరచేతులు మోకాళ్లకు రాసుకున్నాడు. ఒక్క ముక్క చాలు. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. ఆ అతుకు కూడా వాళ్లే వేసి చేతికిస్తున్నారు.

‘‘చెప్పండి’’ అన్నారు టీచరమ్మ. ‘‘మీరు కాదంటే నేను ఒప్పుకుంటాను. ఇదివరకూ ఒప్పుకున్నాను. ఈ టేపు నేను అప్పట్లోనే ఒకసారి విన్నాను. తర్వాత ఇక్కడ మీరు చెప్పిన కథ విన్నాక, తప్పు గుర్తు నాదేననుకున్నాను. కళ్లతో చూసిన మనిషి ముందు చెవితో విన్నదాన్ని, నేనెంత అనుకున్నాను. ఇరవై ఏళ్లు అలాగే అనుకున్నాను.’’

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. కొలత తప్పిన ప్రయోగం గురించి చెప్పినట్టు చెప్పారు. చప్పుడు విని పట్టీ అరుగుదల చెప్పే మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తన గొప్ప వల్ల ఎవరికీ నష్టం లేదని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. నష్టపోయిన మనిషి ఇరవై ఏళ్లూ మూడో వరసలో, చేతికర్ర మీద గడ్డం ఆనించి, తన కథే వింటూ కూర్చుందని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

‘‘నేను చూడలేదు’’ అన్నాడు.

దర్జీకి అర్థం కాలేదు. ఈ టేపులోది చూడలేదనేగా అన్నాడు.

‘‘అసలు చూడలేదు బావా. ఆ సాయంత్రం నేను డ్యూటీలో ఉన్నాను. లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే దించుతున్నాను. మర్నాడు మా మేస్త్రీ చెబితే విన్నాను. మీ అందరికీ చెప్పింది అదే. టీచరమ్మ గారు విన్నదే నిజం.’’

వెనక ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. కూతురు చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి. ఆమె అడిగినప్పుడు గొంతు బస్ స్టేషన్ గొంతు కాదు.

‘‘దీపాలు ఒక్కోటీ ఆర్పడం, నాన్నా?’’

‘‘మేస్త్రీది.’’

‘‘గొంతు పట్టుకుని చీకట్లో నడవడం?’’

ఆయన కాస్త ఆలోచించాడు. ‘‘అది మేస్త్రీ చెప్పలేదు. నీకు చెప్పేటప్పుడు వచ్చిందనుకుంటా. నువ్వు చీకటంటే ఏడ్చేదానివి.’’

అప్పుడు హాలు పేలింది. కోపంతో కొందరు, నవ్వుతో కొందరు. ఇరవై ఏళ్లు మోసపోయామని ఒకరంటే, ముప్ఫై ఒక్క సీజన్లలోనూ అంత మంచి భాగం లేదు, అది రాసింది లిఫ్టు మేస్త్రీనా అని ఇంకొకరు తల పట్టుకున్నారు. అయితే పాతపక్షానికి ఆయువుపట్టైన భాగం పాతదీ కాదు, కొత్తదీ కాదు అని డాక్టరు లేచి గట్టిగా ప్రకటించాడు. దర్జీ బావ ముఖం చూడకుండా బొమ్మ కోటు గుండీలు సరిచేశాడు. ఆ తర్వాత నెలరోజులు ఆయన చెల్లెలి ఇంటికి రాలేదు. టీచరమ్మ క్యాసెట్టును మొదటికి తిప్పి, ఇంకోసారి వింటారా అని అందరినీ అడిగారు. అందరూ విన్నారు. రెండోసారి కూడా బాగాలేదు.

మార్కు మార్చుకుంటారా అని మెకానిక్కును ఎవరో వేళాకోళంగా అడిగారు. మార్చనని, చూడకుండా పొగిడినదాన్ని విన్నాక తిట్టడమే తన వంతుకు మిగిలిన న్యాయమని ఆయన చెప్పాడు.

ఆ ఆదివారం ఆయన తన ఆఖరి మాటను ఒకసారి వాడుకున్నాడు. మూడోదాని మార్కులు లెక్కలో ఉంటాయని, పాతపక్షం ఓడిపోయిందని తీర్పు చెప్పాడు. వెంటనే ఆ హక్కు వదులుకున్నాడు. ఆ నియమాన్నే తీసేయమని అడిగితే, చేతులెత్తించి తీసేశారు. సంఘం మానేస్తాడని కొందరు అనుకున్నారు. మరుసటి నెల రెండో ఆదివారం పది గంటలకు ఆయన వచ్చి, కూతురు పక్కన కూర్చుని, ఆరో సీజన్ మొదటి భాగం మొదటినుంచి చివరిదాకా చూసి, చీటీ మీద ఆరున్నర అని రాసి డబ్బాలో వేశాడు.